ప్లైవుడ్ వెనక రాజకుమారి

రాజకుమారి అని ముద్దుగా పేరు పెట్టుకున్న తల్లే ఆమె ఎడమ చెయ్యి మీద గరిటెతో కొట్టేది. కొట్టి కొట్టి అన్నం మాత్రం కుడి చేత్తో తినడం నేర్పగలిగింది. మిగతా ఏ పనికీ ఆ ఎడమ చెయ్యి ఊరుకోలేదు. బడిలో టీచరమ్మ దాన్ని రిబ్బనుతో బెంచీకి కట్టి చూసింది. అదీ అయింది. చివరికి అందరూ విసిగి వదిలేశారు. చిక్కడపల్లిలో మా ప్రెస్సుకు పనికి వచ్చేనాటికి ఆమె ఎడమ చేత్తో రాసేది, ఎడమ చేత్తో కత్తెర పట్టేది, ఎవరైనా వింతగా చూస్తే వాళ్లను అంతకంటే వింతగా చూసేది.

నేను రాగిణిని. వీరరాఘవరావు గారి ప్రెస్సులో కౌంటర్ దగ్గర కూర్చొని శుభలేఖల శాంపిళ్లు చూపించడం నా పని. పెళ్లివాళ్లతో మాట్లాడీ మాట్లాడీ నా నోరు కొంచెం పదునెక్కింది. ఇది చెప్పేటప్పుడు ఎక్కడైనా మర్యాద తప్పితే ఆ నోటిదే తప్పనుకోండి. రాజకుమారి నాకంటే చిన్నది. భర్త దాసయ్య నారాయణగూడలో పాల బూత్ నడిపేవాడు. మంచివాడే, భార్య ఏం పని చేస్తుందో కూడా అడగనంత మంచివాడు.

ఆమె చేరినప్పుడు మా అక్షరాలు ఇంకా సీసంవే. కంపోజింగ్ చేసేవాళ్లందరూ స్టిక్కు అనే చిన్న ఇనుప పట్టీని ఎడమ చేతిలో పట్టుకొని కుడి చేత్తో అక్షరాలు ఏరుకొని అందులో పేర్చేవారు. రాజకుమారి స్టిక్కు కుడి చేతిలో పట్టి, ఎడమ చేత్తో ఏరేది. వెనక గదిలో ఎవరు చూడొచ్చారు? తప్పుల్లేకుండా పని అయితే చాలు, వీరరాఘవరావు గారు చేతుల జోలికి పోలేదు. సీసం అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. ఆమె ఆ తిరగబడ్డ పేజీని మనం పేపర్ చదివినంత తేలిగ్గా చదివి తప్పులు పట్టేది.

తొంభై మూడులో బషీర్‌బాగ్‌లో ఒక ప్రకటనల కంపెనీ పాత కంప్యూటర్‌ను వదిలించుకుంటుంటే మా సారు కొనుక్కొచ్చారు. అప్పటికే దాని వయసు మీరిపోయింది. తెరా, యంత్రమూ అన్నీ కలిసి ఒకే డబ్బా. తెర మన అరచేతులు రెండు పక్కపక్కన పెట్టినంత. కీబోర్డుకు ఫోన్ రిసీవర్‌కు ఉన్నట్టు చుట్టలు చుట్టుకున్న వైరు, మౌస్‌కు ఒక పొట్టి తోక. ఆ ముసలి డబ్బాకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ముందు గదిలో అద్దాల క్యాబిన్ కట్టించి ఏసీ పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. కౌంటర్ దగ్గర మాకు మాత్రం పాత ఫ్యానే, అది కూడా పెళ్లివాళ్లు వస్తేనే జోరుగా తిరిగేది.

సారు మేనల్లుడు హర్షను కంప్యూటర్ నేర్చుకొమ్మని క్లాసులకు పంపారు. అతను జుట్టు వెనక్కి దువ్వుకోవడం నేర్చుకొని వచ్చాడు. పక్కన కూర్చొని చూసి చూసి పని నేర్చుకున్నది రాజకుమారి. డబ్బాను కొంచెం కుడికి జరిపి, పొట్టి తోకను లాగి, మౌస్ ఎడమ పక్కన పెట్టుకునేది. వినాయకుడిని చుక్క చుక్కగా గీసేది, పేర్లకు పూలతీగలు అల్లేది. పెళ్లివాళ్లు పక్కన కూర్చొని, తమ పిల్ల పేరు తెర మీద పెద్దగా అవుతుంటే నోరు తెరుచుకొని చూసేవాళ్లు. వెనక గదిలో సీసం మసి పూసుకొని పనిచేసిన మనిషి, అందరూ చూస్తుండగా, తన చేత్తో, తెరకు ఎదురుగా కూర్చుంది. ఆమెకు బతుకులో ఇంతకంటే ఏమీ అక్కర్లేదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ మాట ఆమే నాతో అన్నది. ఆ కుర్చీ పోకుండా ఉంటే చాలు అన్నది.

ఆ కుర్చీ పోగొట్టింది బాలనాగమ్మ గారు. మనవడి పెళ్లి కార్డుకు ఇంటిల్లిపాదినీ వెంటేసుకొని వచ్చిందావిడ. క్యాబిన్‌లో కాసేపు తెరను చూసింది. తర్వాత చూపు తెర మీది నుంచి కిందికి, రాజకుమారి చేతి మీదికి దిగింది. గట్టిగా ఏమీ అనలేదు. కోపం లేని గొంతుతో, అందుకే ఇంకా నొప్పి పుట్టేలా, మా సారును పిలిచి అడిగింది.

"వినాయకుణ్ణి ఎడమ చేత్తోటి గీస్తున్నది ఈమె. మొదటి కార్డు దేవుని ముంగట పెడ్తం గద. ఎట్ల పెట్టాలె మేము?"

లేచి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లింది పక్క వీధి ప్రెస్సుకని ఆ సాయంత్రానికే తెలిసింది. తర్వాత ఇంకో ఇద్దరు అదే అడిగారు. ఒకరు అడిగితే మాట, ముగ్గురు అడిగితే వ్యాపారం. మా సారుకు పెద్ద చిక్కొచ్చింది. రాజకుమారిని తీసేస్తే పని తెలిసిన మనిషి లేదు, ఉంచితే పెళ్లివాళ్లు రారు. కుడి చేత్తో చేసి చూడమన్నారు. చేసింది. ఆ రోజు వినాయకుడి తొండం చూసి హర్షే నవ్వాడు.

అప్పుడు సారుకు ఉపాయం తట్టింది. డబ్బా అక్కడే ఉంటుంది, తెర పెళ్లివాళ్లకు కనబడుతూనే ఉంటుంది. పక్కన ప్లైవుడ్ అడ్డం కొట్టి, కీబోర్డూ మౌసూ దాని వెనక్కి తీసుకుపోయి, రాజకుమారిని అక్కడ కూర్చోబెడతారు. తెర ముందు కుర్చీలో హర్ష కూర్చొని కుడి చెయ్యి కదుపుతుంటాడు. ఇది చెప్పి ఆయన మా అందరి మొహాల్లోకి మెప్పు కోసం చూశారు. నేను లేచి మంచినీళ్ల కుండ దగ్గరికి వెళ్లిపోయాను. రాజకుమారి ఒక్కటే అడిగింది, ఎన్ని రోజులు సార్ అని. కొన్నాళ్లే బిడ్డా, జనం మరిచిపోయేదాకా అన్నారు.

ఇక వైర్లు అందాలి కదా. ప్లైవుడ్ వెనక్కి ఏదీ అందలేదు. హర్షకు జీవితంలో ఒకే ఒక ఆలోచన వచ్చింది, అది అప్పుడే వచ్చింది. కీబోర్డు వైరు అచ్చం ఫోన్ రిసీవర్ వైరులాగే ఉంది కాబట్టి కోఠీకి వెళ్లి పొడవాటి రిసీవర్ వైరు కొనుక్కొచ్చాడు. ఆ కొస ఈ కొస సరిగ్గా కూర్చుంది. సారు మురిసిపోయి, చూశారా మా పిల్లవాడి తెలివి అన్నారు. స్విచ్ వేశారు. కీబోర్డు మీద ఏ అక్షరం నొక్కినా ఏమీ రాలేదు. పాత వైరు పెట్టి నొక్కినా రాలేదు. ఆ తర్వాత ఇక ఎప్పుడూ రాలేదు.

నారాయణగూడ సందులో రేడియోలు, టీవీలు బాగుచేసే ఉదయ్ కుమార్‌ను పిలిపించారు. అతను రిసీవర్ వైరు చూసి తల పట్టుకున్నాడు. ఫోన్ వైరులో లోపలి తీగలు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లేసరికి తారుమారవుతాయట. ఈ కంప్యూటర్‌కు మాత్రం ఒకటోది ఒకటోదానికే, నాలుగోది నాలుగోదానికే తిన్నగా పోవాలట. కీబోర్డు చచ్చిందని తేల్చాడు. ఆ మోడల్ కీబోర్డు ఇంకొకటి దొరికేసరికి ముహూర్తాల కాలం సగం గడిచిపోయింది. సారు ఆ నష్టం తాలూకు కోపం హర్ష మీద చూపించలేదు, వైర్ల మీద చూపించారు. ఇక నుంచి ఈ ప్రెస్సులో లోపలి తీగలు ఎవరూ అటుదిటు మార్చొద్దని అందరి ముందూ గట్టిగా చెప్పారు.

ఉదయ్ కుమార్ కూర్చొని తీగకు తీగ తిన్నగా అతికి కీబోర్డు వైరు పొడిగించాడు, మౌస్ తోకనూ పొడిగించాడు. రెండింటినీ బల్ల కింది నుంచి తీసి, గోడ వెంట క్లిప్పులు కొట్టి, ప్లైవుడ్‌కు రంధ్రం చేసి వెనక్కి పంపాడు. నీట్‌గా చేశాడు. చచ్చిన కీబోర్డునూ, ఎక్కడో దొరికిన పాడైపోయిన మౌస్‌నూ హర్ష ముందు పెట్టారు. ఆ రెండు కళేబరాలతోనే అతని ఉద్యోగం.

అన్నీ వెనక్కి వచ్చాక గుర్తొచ్చింది, తెర రాలేదని. ప్లైవుడ్‌కు సందు కోసి చూస్తే డబ్బా పక్క వైపు మాత్రమే కనిపించింది. ఏం చేయాలో సారుకు తోచలేదు. అప్పుడు చెప్పింది రాజకుమారే, తనంతట తాను. తెరకు అటు పక్క గోడకు అద్దం ఏటవాలుగా పెడితే, తెర అద్దంలో పడుతుంది, అద్దం ఈ సందులోంచి కనిపిస్తుంది అన్నది. "తిరగబడ్డ అక్షరాలు నాకు కొత్తగాదు సార్" అన్నది. ఆ మాట అనకుండా ఉండి ఉంటే ఆ ప్లైవుడ్ వారంలో పీకేసేవాళ్లేమో. పనిమంతురాలికి పని ఆగిపోతుంటే నోరు ఆగదు, అదే ఖర్మ. మరుసటి రోజే అద్దం వచ్చింది. పైన లక్ష్మీదేవి పటం, కింద ప్లాస్టిక్ పూలదండ. పెళ్లివాళ్లు ఆ అద్దంలో చూసుకొని జుట్టు కూడా సర్దుకునేవాళ్లు.

చదవడం నిజంగానే ఆమెకు కష్టం కాలేదు. కష్టం చేతికి వచ్చింది. సీసం అక్షరం తిరగబడి ఉన్నా దాన్ని ఏరే చెయ్యి మామూలుగానే పోతుంది. ఇక్కడ చెయ్యి కుడికి జరిపితే అద్దంలో బాణం ఎడమకు పోతుంది. పైకి జరిపితే మాత్రం పైకే పోతుంది, అది ఇంకో తలనొప్పి. మొదటి రోజు మధ్యాహ్నానికి ఆమె వెనక వాకిట్లో వాంతి చేసుకుంది.

మిగిలిన సామాను తీసుకుపోవడానికి ఉదయ్ కుమార్ అప్పుడే వచ్చాడు. సంగతి చూసి అతనే ముందుకొచ్చాడు. మౌస్ వైరులో రెండు తీగలు ఒకదాని చోట ఒకటి మార్చి అతికితే బాణం అడ్డంగా తిరగబడి నడుస్తుందనీ, అప్పుడు అద్దంలో చూసేవాళ్లకు సరిగ్గా కనిపిస్తుందనీ, చెయ్యి ఎటు పోతే బాణం అటే పోతుందనీ చెప్పాడు. టీ చల్లారేలోపు అయిపోయే పని, ఊరికే చేసిపెడతానన్నాడు. వీరరాఘవరావు గారు వైరు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"తీగలు మార్చొద్దు. ఒకసారి మార్చి చూసినం గద. ఆమెనే అలవాటు చేసుకుంటది."

నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. రాగి తీగను మార్చడానికి భయపడిన మనిషి, బతికున్న చేతిని మార్చడానికి భయపడలేదు. ఆ మాట ఆయనతోనే అన్నాను. నీకు కౌంటర్ పని తక్కువైనట్టుంది రాగిణీ అన్నారు.

రాజకుమారి అలవాటు చేసుకుంది. తలనొప్పి మాత్రలు మింగుతూ, కుడి అనుకున్నప్పుడు ఎడమకు, ఎడమ అనుకున్నప్పుడు కుడికి, ఆ చేతికి రోజూ నచ్చజెప్పి, బెదిరించి, బతిమాలి నేర్పింది. తల్లి గరిటె, టీచరమ్మ రిబ్బను చేయలేని పని ఆ అద్దం చేసింది. వర్షాలు మొదలయ్యేసరికి ఆలోచించకుండానే చెయ్యి ఉల్టా పోవడం నేర్చుకుంది. క్యాబిన్ చల్లగా ఉండేది. ఏసీ గాలి అందని ప్లైవుడ్ వెనక ఆమె కొంగుతో విసురుకుంటూ పనిచేసేది. కొన్నాళ్లే అన్న సారు ఆ ప్లైవుడ్‌కు రంగు వేయించారు.

ఇక హర్ష వైభవం చూడాలి. పెళ్లివాళ్లు అక్షరం పెద్దగా కావాలంటే, "అక్షరం పెద్దగ చేద్దాం అంటరా" అని ప్లైవుడ్ అవతలికి వినిపించేలా అరిచేవాడు. కళేబరం మీద చెయ్యి తిప్పేవాడు. ఒకసారి రెండు చేతులూ పైకెత్తి ఒళ్లు విరుచుకుంటుండగా బాణం తన దారిన తాను పూలు గీసుకుంటూ పోయింది. ఇదేంది బాబూ అని పెళ్లికూతురి తండ్రి అడిగితే, ఒక్కసారి చెప్తే చాలు, కంప్యూటర్ మిగతాది తానే చేసుకుంటుందన్నాడు. పాపం, ఆయన నమ్మాడు. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల వాళ్లు కరపత్రాలకు వచ్చి హర్ష సార్ ఉన్నారా అని అడిగేవాళ్లు.

రెండో ఏడు బాలనాగమ్మ గారు మనవరాలి కార్డుకు తిరిగి వచ్చింది. ఈసారి ముచ్చటపడిపోయింది. హర్ష కుడి చెయ్యి పట్టుకొని కళ్లకద్దుకున్నంత పని చేసింది. "కుడి చేత్తోటి చేస్తే చూసిన్రా ఎంత కళ ఉన్నదో" అని వెంట వచ్చినవాళ్లకు చూపించింది. తెర మీద బాణం కదలడం ఆగిపోయింది. హర్ష గట్టిగా దగ్గాడు, మళ్లీ దగ్గాడు. కాసేపటికి బాణం కదిలింది. నేను వెనక్కి వెళ్లి చూస్తే రాజకుమారి కళ్లు తుడుచుకొని ఆ మనవరాలి పేరు మీద మల్లెమొగ్గలు పెడుతోంది. ఏమీ లేదక్కా, సందులోంచి దుమ్ము పడ్డది అన్నది. నాకు ఏడుపు వచ్చింది, ఆమె ముందు ఏడవలేదు.

తొంభై ఆరులో నారాయణగూడలో ఇంద్రసేన గారని ఒకాయన కొత్త ఆఫ్‌సెట్ ప్రెస్సు పెట్టారు. ఆపరేటర్లు కావాలని బయట బోర్డు కట్టారు. నేనే రాజకుమారి చెయ్యి పట్టుకొని తీసుకెళ్లాను. ఆమె చేసిన శుభలేఖలు ఒక సంచిలో వేసుకున్నాం. దారి పొడుగునా ఆమెకు ఒకటే బెంగ, ఎడమ చెయ్యి చూసి ఏమంటారో అని. నేను నా చేతనైన ధైర్యమంతా చెప్పాను. మేమిద్దరం భయపడవలసింది వేరే దానికని ఇద్దరికీ తోచలేదు.

అక్కడ వరుసగా కుర్రవాళ్లు కూర్చొని ఉన్నారు, గ్రూప్ పరీక్షలు రాసి రాసి విసిగి కంప్యూటర్ నేర్చుకున్న అశోక్ నగర్ హాస్టళ్ల పిల్లలు. ఒక్కొక్కరినీ పిలిచి చిన్న పరీక్ష పెడుతున్నారు. ఇంద్రసేన గారు పెద్దమనిషి. మా సంచిలో కార్డులు ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూశారు. ఇవన్నీ మీరే చేశారా అమ్మా అని రెండుసార్లు అడిగారు. కొత్త రంగుల కంప్యూటర్ ముందు కుర్చీ లాగి కూర్చోమన్నారు. రాజకుమారి కుడి పక్కనున్న మౌస్ వంక చూసి ఆగింది. ఎడమ చేతి వాటమా అని ఆయనే కనిపెట్టి, లేచి, వైరు డబ్బా వెనక నుంచి తిప్పి, మౌస్ ఆమె ఎడమ పక్కన పెట్టారు. అంతే. చిటికెలో అయిపోయింది. మూడేళ్లు మా ప్రెస్సులో జరిగిందంతా ఈ ఒక్క పని ఒప్పుకోలేక. ఆమె నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను, అంత వెలుగు.

పేరు చుట్టూ ఒక పూలతీగ గీయమన్నారు. ఆమె బాణాన్ని కుడికి తీసుకుపోవాలని చెయ్యి కదిపింది. బాణం ఎడమకు పోయింది. సర్దుకుంది. మళ్లీ పోయింది. కాసేపు నాకూ అర్థం కాలేదు. తెర సరిగ్గానే ఉంది, అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, ఎదురుగానే ఉన్నాయి. ఆమె చెయ్యి మాత్రం ఇంకా అద్దంలోనే ఉంది. నెమ్మదిగా చేసినప్పుడు సరిగ్గా పోయేది, కొంచెం తొందర రాగానే ఉల్టా పోయేది. గీత గీత మీద పడింది. పేరు రెండు ముక్కలై చెరో మూలకు పోయింది. వరుసలో కూర్చున్న కుర్రవాళ్లు మొహాలు చూసుకున్నారు. ఆమె నుదుటి మీద చెమట కారి కుంకుమ కరిగింది.

నేను ఆగలేకపోయాను. ఈమె ప్లైవుడ్ వెనక కూర్చొని అద్దంలో చూసి చేస్తుంది సార్, అందుకే చెయ్యి తిరగబడింది, ఒక్క వారం ఇవ్వండి అన్నాను. చెబుతుంటే నాకే అది పిచ్చి మాటలా వినిపించింది. అద్దంలో చూసి ఎవరైనా శుభలేఖ చేస్తారా? ఆయన నన్ను జాలిగా చూసి, కార్డులు సంచిలో జాగ్రత్తగా సర్ది రాజకుమారి చేతికి ఇచ్చారు.

"చెయ్యి ఏదైతేందమ్మా, పని రావాలె. ఇంకొకరు చేసినయి తెచ్చి మీవని చెప్పొద్దు. మంచిగ నేర్చుకొని రాండ్రి."

తిట్టి ఉంటే బాగుండేది. బయటికి వచ్చి నడక మొదలుపెట్టాం. వైఎంసీఏ చౌరస్తా దాటాక అన్నది, "చెయ్యి ఏదైతేంది అన్నడక్కా ఆయన." ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్లు ఎదురుచూసిందో నాకు తెలుసు. అది దొరికిన చోటే చెయ్యి పోయింది. ఆటో హారన్ల మధ్య, రోడ్డు మీదే, వెక్కి వెక్కి ఏడ్చింది.

అయినా ఆమె ఊరుకునే రకం కాదు. మరుసటి రోజు సారు ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి నిలబడింది. పొద్దున పెళ్లివాళ్లు రాకముందు రోజూ ఒక గంట మౌస్ ఇవతలికి తెచ్చుకొని హర్ష కుర్చీలో కూర్చుంటాననీ, తెరకు ఎదురుగా చెయ్యి మళ్లీ సరి చేసుకుంటాననీ, ఎవరికీ కనబడననీ అడిగింది. జీతం అడగలేదు, పేరు అడగలేదు. ఖాళీ కుర్చీలో ఒక గంట అడిగింది. వీరరాఘవరావు గారు తెలివితక్కువవారు కాదు. చెయ్యి తిన్నగా అయిన రోజు ఈమె ఇక్కడ ఉండదని ఆయనకు వెంటనే అర్థమైంది. నేను కౌంటర్ దగ్గర్నుంచి ఆయన మొహం చూస్తూనే ఉన్నాను. ముందు అందులో భయం కనిపించింది, తర్వాత నవ్వు వచ్చింది.

"అద్దంల మంచిగనే వస్తున్నది గద బిడ్డా. వచ్చిన చెయ్యి ఎందుకు పాడు చేసుకుంటవు?"

క్యాబిన్ బయట చెప్పులు విప్పుతున్న చప్పుడు వినిపించింది, ఎవరో పెళ్లివాళ్లు వచ్చారు. హర్ష జుట్టు దువ్వుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రాజకుమారి ప్లైవుడ్ వెనక్కి వెళ్లింది. కాసేపటికి తెర మీద వినాయకుడు రావడం మొదలుపెట్టాడు, ఒక్క గీత కూడా తప్పలేదు.